డబ్బా బండికి తద్దినం

ప్రతి జనవరి 29న మా సంఘం తద్దినం పెడుతుంది. పోయింది మనిషి కాదు, బండి. 2016లో ఆ రోజే ఇంగ్లండులోని సోలిహల్ ఫ్యాక్టరీ నుంచి పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ అనే జీపులాంటి బండి ఆఖరిది బయటికొచ్చింది. మొదటి ఏడాది తిథి ప్రకారం పెట్టాలా, తేదీ ప్రకారం పెట్టాలా అని పెద్ద గొడవే అయింది గానీ, ఫారిన్ బండి కాబట్టి చివరికి తేదీకే ఖాయం చేశాం. నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్లో పదకొండు మందిమి కూర్చుంటాం. పన్నెండో చాయ్ పోయినదాని పేరున చెప్పి మధ్యలో పెడతాం, మౌనం అయిపోయాక దాన్ని కార్యదర్శి తాగేస్తాడు.

మా పదకొండు మందిలో పాత డిఫెండర్ ఉన్నవాడు ఎవడూ లేడు. నడిపినవాడూ లేడు. కోశాధికారి దుబాయ్‌లో పనిచేసినప్పుడు ఒక మాల్ పార్కింగ్‌లో దాన్ని ముట్టుకున్నాడట, ఆ ఒక్క అర్హత మీదే ఆయనకి ఆ పదవి వచ్చింది. అధ్యక్షుడికి ఆర్మీ వేలంలో కొన్న పాత మహీంద్రా జీపు ఉంది, ముగ్గురు తోస్తే స్టార్ట్ అవుతుంది, దాని సామాన్ల కోసం ఆయన రాణీగంజ్‌లో తిరిగినంత తన పెళ్ళికి కూడా తిరగలేదు. మిగతావాళ్ళవి చాలావరకు స్కూటర్లు. నాది చిన్న కారు, ఆటోమేటిక్, ఆ సంగతి సంఘంలో ఇంకా చెప్పలేదు. సొంతానికి బండి లేనివాళ్ళకి ఇంత బాధేంటి అని మా ఇంట్లోవాళ్ళే అడుగుతుంటారు. వెంకన్న మీద భక్తి ఉన్నవాళ్ళందరికీ ఏడుకొండలు రాసిచ్చారా?

అసలు బాధ పాతది పోయినందుకు కాదు, కొత్తది పుట్టినందుకు. 2019 సెప్టెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో కొత్త డిఫెండర్ని చూపించిన రాత్రే అత్యవసర సమావేశం పెట్టి, ఎవరూ దాన్ని చూడకముందే నలభై అభ్యంతరాలు రాసేశాం. అన్నీ ఇక్కడ చెప్పను, కొన్ని మాటలు ఆడవాళ్ళూ పిల్లలూ చదివేచోట బాగోవు. మొదటిది, నున్నగా ఉంది. పాతది అట్టపెట్టెకి చక్రాలు పెట్టినట్టు ఉండేది, గీతలు స్కేలు పెట్టి గీసినవే. కొత్తదాని మూలలు సబ్బుబిళ్ళ వారం రోజులు వాడాక ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. రెండోది, తలుపు ఒక్కసారి వేస్తే పడుతోంది. మూడోది, లోపల చల్లగా ఉంటుంది. వెనక పక్క కిటికీ అద్దం మీద ఆ నలుచదరపు పలక ఎందుకు పెట్టారో ఎవరికీ అర్థం కాలేదు, అది పదిహేడోది అనుకుంటా.

నాలుగోది మాత్రం కొంచెం లోతైన విషయం, ఓపిగ్గా వినండి. పాత బండిలో కింద నిచ్చెనలాంటి ఇనప ఛాసిస్ ఉండేది, దాని మీద బాడీ వేరేగా కూర్చునేది. అంటే ఆత్మ వేరు, శరీరం వేరు. కొత్తదాంట్లో ఛాసిస్, బాడీ కలిసి ఒకే అల్యూమినియం గూడు, దాన్ని మోనోకాక్ అంటారు. పూర్తి అద్వైతం! మేము ద్వైతులం. ఈ మార్పువల్ల బండి మరింత గట్టిపడింది, నాలుగు చక్రాలకీ విడివిడిగా సస్పెన్షన్ వచ్చింది, గుంటల్లో పాతదానికన్నా హాయిగా పోతుంది అని కంపెనీవాళ్ళు చెప్పారు. సిద్ధాంతం గురించి మాట్లాడుతుంటే హాయి గురించి చెప్తారేంటి?

పాతదాంట్లో డ్రైవరు సీటు తలుపుకి ఎంత దగ్గరంటే, మోచెయ్యికి చోటుండదు. అద్దం దించి చెయ్యి బయట పెట్టుకుని నడపాల్సిందే. ఇందులో లోపం వెతికేవాళ్ళు వెతుక్కోండి, మాకు వినయం కనిపిస్తుంది, మనిషి బండి కోసం ఒదిగి కూర్చోవడం. వాన పడితే లోపలికీ వచ్చేది, బయట ఏం జరుగుతోందో లోపలివాళ్ళకి తెలియాలి కదా. ఇంజన్ కింద ఆయిల్ చుక్కలు పడటం లేదంటే లోపల ఆయిల్ అయిపోయిందని అర్థం, అని దాని ఓనర్లే ముచ్చటగా చెప్పుకుంటారు. ఇప్పటి బళ్ళు డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగిస్తాయి. లైటు మీద ఏం ప్రేమ పుడుతుంది?

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నేనొక తప్పు చేశాను. దాని చరిత్ర చదివాను.

మేము ఏ బండిని ఆదిమూలం అని కొలుస్తున్నామో అది ఎలా పుట్టిందో తెలుసా? రోవర్ కంపెనీలో మారిస్ విల్క్స్ అనే ఇంజనీరుండేవాడు. యుద్ధం అయ్యాక ఆయన తన పొలంలో అమెరికావాళ్ళ విల్లీస్ జీపు వాడేవాడు. అది పాడైతే బదులేంటి అన్న ఆలోచనలోంచి 1947లో వేల్స్ దగ్గర ఆంగ్లసీ దీవిలో సముద్రం ఒడ్డున ఇసుకలో బొమ్మ గీశాడు. తొలి నమూనాని ఆ జీపు ఛాసిస్ మీదే కట్టారు. బాడీ అల్యూమినియంది ఎందుకయ్యా అంటే, యుద్ధం తర్వాత ఉక్కు రేషన్లో ఉంది కాబట్టి. ఆకుపచ్చ రంగు ఎందుకంటే, మిలిటరీ దగ్గర విమానాలకి వెయ్యగా మిగిలిన పెయింటు దొరికింది కాబట్టి. అది చాలక, కంపెనీవాళ్ళు దీన్ని కార్ల అమ్మకాలు మళ్ళీ పుంజుకునేదాకా నాలుగు రోజులు నెట్టుకురావడానికని మొదలుపెట్టారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ షోలో పెట్టారు. డిఫెండర్ అన్న పేరు కూడా 1990 దాకా లేదు. అంటే మా స్వయంభూ మూర్తి పక్కింటి జీపు చూసి, మిగిలిన రేకుతో, మిగిలిన రంగుతో, తాత్కాలికంగా చేసింది!

సమావేశంలో ఈ సంగతి చెప్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఉపాధ్యక్షుడు, "ఆ రోజుల్లో కాపీ కొట్టడంలో కూడా నిజాయితీ ఉండేది" అన్నాడు. అందరూ తలూపారు. ఆ వాక్యాన్ని మినిట్స్‌లో రాసుకున్నాం.

1983లో కింద పట్టీల స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టినప్పుడు కూడా ఎక్కడో ఒక హోటల్లో పదకొండు మంది గొంతు చించుకుని ఉంటారని నా అనుమానం. ఇప్పుడు మేము తద్దినం పెడుతున్నది వాళ్ళు తిట్టిన బండికి. ఈ మాట మాత్రం సంఘంలో అనలేదు, నాకు సభ్యత్వం కావాలి.

భక్తిలో మాకన్నా ముందున్నవాళ్ళు లేకపోలేదు. జిమ్ రాట్‌క్లిఫ్ అని బ్రిటన్‌లో కెమికల్స్ కోటీశ్వరుడు. పాత డిఫెండర్ ఆపేస్తున్నారని తెలిసి, లండన్‌లో గ్రెనేడియర్ అనే తన ఇష్టమైన పబ్బులో కూర్చుని, అలాంటిదే నేను చేస్తాను అనుకున్నాడు. చేశాడు కూడా. ఫ్రాన్స్‌లో హంబాక్ ఫ్యాక్టరీ కొని, బీఎండబ్ల్యూ ఇంజన్లు పెట్టి, బండికి ఆ పబ్బు పేరే పెట్టాడు. పాత బండి ఆకారం మాదే, వేరేవాళ్ళు వాడకూడదు అని ల్యాండ్ రోవర్ వాళ్ళు కోర్టుకి వెళ్తే 2020లో ఓడిపోయారు. మనవాళ్ళకి కోపమొస్తే అన్నం మానేస్తారు, ఆయన ఫ్యాక్టరీ పెట్టాడు. మేము కూడా నారాయణగూడ హోటల్ పేరు మీద ఒక బండి తీసుకురావాలని తీర్మానం చేశాం. చందాలు మూడువేల నాలుగువందలు వచ్చాయి, అందులో సమోసాలకి పదహారువందలు పోయాయి.

ఇది దొరల బండి గోల, మనకెందుకు అంటారేమో. 2008లో ల్యాండ్ రోవర్ కంపెనీని టాటా మోటార్స్ కొనేసింది, కాబట్టి మనింటి గొడవే. పైగా మహీంద్రా వాళ్ళ థార్ జీపు విషయంలో జరిగింది ఏంటి? 2020లో కొత్త థార్ వచ్చినప్పుడు టచ్ స్క్రీనా, ఆటోమేటిక్ గేరా అని గుండెలు బాదుకున్నాం. 2024 ఆగస్టు 15న ఐదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది. స్వాతంత్ర్య దినోత్సవం రోజున ఇంత అవమానమా అని సంఘం నల్లబ్యాడ్జీలు పెట్టుకుంది. వెనక తలుపులుంటే అది జీపెలా అవుతుంది? మా జాయింట్ సెక్రటరీ మూడు తలుపుల థార్ బుక్ చేద్దామని షోరూముకి వాళ్ళమ్మని తీసుకెళ్ళాడు. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ముందు సీటు మడిచి, ఆ సందులోంచి వెనక్కి వెళ్ళింది. తిరిగి రాలేకపోయింది. చివరికి ఇద్దరు సేల్స్ కుర్రాళ్ళు, ఒక సెక్యూరిటీ గార్డు సాయం పట్టి దింపితే, ఆవిడ కిందికి దిగి కొడుకుతో ఒకే మాట అంది: "నాన్నా, నేను పోయాక కొనుక్కో." వాడిప్పుడు రాక్స్ నడుపుతున్నాడు. సమావేశాలకి మెట్రోలో వస్తున్నాడు.

ఒక్క సంగతి మాత్రం నాకు ఎప్పుడూ అంతుపట్టదు. కమాండర్ జీపులు గుర్తున్నాయా? దేవరకొండ నుంచి మల్లేపల్లికి మేము చిన్నప్పుడు వాటిలోనే పోయేవాళ్ళం. లోపల పద్నాలుగు మంది, పైన ఇద్దరు, బానెట్ మీద ఒక కోడి, డ్రైవరు సగం సీటు మీద, సగం గాలిలో. నేను వెనక కడ్డీ పట్టుకుని వేలాడేవాణ్ణి, ఒక కాలు జీపుది, ఒక కాలు రోడ్డుది. నిజమైన ఆఫ్‌రోడ్ అంటే అదీ. అలా ప్రయాణం చేసినవాళ్ళలో ఓ ఇరవై మందిని మా సంఘంలో చేరమని స్వయంగా వెళ్ళి అడిగాను. ఒక్కడూ చేరలేదు. ఒకాయన అయితే కార్డు చేతిలోకి తీసుకుని, బొమ్మ చూసి, నడుం పట్టుకున్నాడు.

హైదరాబాద్‌లో ఈ బళ్ళకి పనేంటి అని ఎవరైనా అడిగితే వాళ్ళు మా కాలనీకి రాలేదని అర్థం. పైపుల కోసం తవ్విన గుంత, కేబుల్ కోసం తవ్విన గుంత, ముందు తవ్విన గుంత ఎక్కడుందో తెలుసుకోవడానికి తవ్విన గుంత. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన ఎవరు మరిచిపోతారు, టోలిచౌకి నదీమ్ కాలనీలో పడవలు తిరిగాయి. అదే నెలలో కొత్త థార్, కొత్త డిఫెండర్ రెండూ మన దేశంలో అమ్మకానికి రావడం దైవలీల. పాత డిఫెండర్ 500 మిల్లీమీటర్ల నీళ్ళలో పోగలదు, మోకాలి లోతు. కొత్తది 900, అంటే దాదాపు నడుము లోతు. ఈ అంకెలు చదివి మా అధ్యక్షుడు వెంటనే ఇరవై తొమ్మిదో అభ్యంతరం చెప్పాడు: ఎక్కడ మునగాలో అక్కడ మునిగే బండికి వ్యక్తిత్వం ఉంటుంది. ఆ వాన రాత్రి ఆయన జీపు సెల్లార్లో పూర్తి వ్యక్తిత్వంతో ఉంది.

ఇక ఈ ఏడాది తద్దినం సంగతి. అధ్యక్షుడి పెద్దనాయన కంటి ఆపరేషన్ కోసం అచ్చంపేట నుంచి వచ్చి ఉన్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి, ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో ముప్ఫై ఒక్క ఏళ్ళు జీపు డ్రైవరు. శ్రీశైలం డ్యామ్ కట్టే రోజుల్లో మన్ననూరు ఘాట్ మీద ఇంజనీర్లని తిప్పినవాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళకి నిజమైన సాక్షి దొరికాడు! అదే టైముకి అధ్యక్షుడి బావమరిది, షాద్‌నగర్ వైపు ప్లాట్లు అమ్ముతాడు, తన కొత్త డిఫెండర్లో వచ్చి హోటల్ ముందు ఆగాడు. నల్లటి బండి, కోటి రూపాయల పైమాట, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఉగాది దాకా తియ్యడట, ముందు బంపర్‌కి నిమ్మకాయలు మిరపకాయలు కట్టి ఉన్నాయి. (డిఫెండర్‌కి కూడా రక్షణ కావాలా అని నవ్వాం గానీ, ఆ మనిషి వారానికి నాలుగు రోజులు రోడ్డే లేని వెంచర్లలో తిరుగుతాడని, మేము మాత్రం నెక్లెస్ రోడ్డు దాటమని అప్పుడే గుర్తొచ్చి ఆపేశాం.)

పెద్దనాయనని బయటికి నడిపించుకొచ్చి, బండి ముందు నిలబెట్టి, కార్యదర్శి పెన్ను తీశాడు. "పెద్దనాయనా, మీ జీపు గురించి రెండు ముక్కలు చెప్పు. తర్వాత దీన్ని చూసి చెప్పు, నీకేమనిపిస్తే అది."

"ఏం జెప్పాలె బిడ్డా," అన్నాడాయన. "ఎండకాలం ఇంజన్ వేడికి కాళ్ళు కాలుతుండె. వానకాలం సారు గొడుగు వడితే నేను తోలుతుంటి, లోపట్నే. స్టీరింగ్ తిప్పితిప్పి భుజాలు పోయినయ్. నా నడుం గా జీపే తిన్నది." ఇవేవీ కార్యదర్శి రాసుకోలేదు, భావం పట్టుకుంటే చాలన్నాడు.

తర్వాత ఆయన బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. కంటికి ఆపరేషన్ అయిందేమో, చేత్తో తడుముతూ నెమ్మదిగా. టైరు మీద పిడికిలితో కొట్టాడు. వంగి కిందికి చూశాడు. వెనక తలుపుకి తగిలించిన స్టెప్నీ దగ్గర చాలాసేపు ఆగాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం.

"అంత మంచిగనే ఉన్నది," అన్నాడు. "గని ఒక్కటి మరిచిండ్రు."

"చెప్పు పెద్దనాయనా, చెప్పు!"

"మా ఘాట్ల బ్రేకు నిలువకపోతుండె. క్లీనర్ పోరడు రాయి వట్టుకొని ఎనక నిలబడేటోడు. బండి ఎనకకి జారితే ఎగిరి దుంకి చక్రం కింద పెట్టాలె. మరి గీ బండికి పోరడు ఏడ నిలబడాలె?"

మా కళ్ళు చెమర్చాయి. నలభై ఒకటో అభ్యంతరం: రాయి పట్టుకుని నిలబడేవాడికి చోటు లేదు. ఏకగ్రీవంగా ఆమోదించి, తేదీ వేసి, అందరం సంతకాలు పెట్టి, వేలిముద్రకో సంతకానికో ఆయన కోసం తిరిగి చూస్తే అక్కడ లేడు. ముందు సీటు ఎక్కి కూర్చుని, బావమరిది అయ్యో అయ్యో అంటున్నా వినకుండా ప్లాస్టిక్ కవర్ చింపేసి కింద పడేశాడు. ఏసీ పెంచమని సైగ చేసి, తలుపు దగ్గరికి లాక్కున్నాడు.

ఒక్కసారికే పడింది.