ఐదు రూపాయల యూనిట్ ఎక్కడుందో చూపించండి

గడిచిన పదిహేను రోజుల్లో ఒకే సందేశం నాకు ఏడుసార్లు వచ్చింది. మొదట కాలనీ గ్రూపులో, తర్వాత పదో తరగతి మిత్రుల గ్రూపులో, ఆ పైన బంధువుల గ్రూపులో. చివరికి విద్యుత్ శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మా పెద్దబావ కూడా, దండం పెడుతున్న బొమ్మతో సహా, దాన్ని నాకు పంపించాడు. ఇక మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే అవుతుంది.

"ఓరుగల్లు ప్రజలారా మేలుకోండి" అని మొదలయ్యే ఆ సందేశం చెప్పేది ఇది. నగరంలో ఎలక్ట్రిక్ బండ్ల కోసం పెట్టిన పబ్లిక్ ఛార్జింగ్ కేంద్రాల్లో ఫీజు వసూలు చేయడం దోపిడీ; ఇంట్లో యూనిట్ 5 రూపాయలైతే అక్కడ 20; జాగ మనది, సొమ్ము మనది, కరెంటు అమ్ముకునే హక్కు వాళ్లకు లేదు; ఛార్జింగ్ అయిపోయిన తర్వాత కూడా నిమిషాల లెక్కన గుంజుతున్నారు; రేపో మాపో పగలొక రేటు, రాత్రొక రేటు పెడతారు; వానలో బండికి తగిలించే ఛార్జింగ్ గన్ పట్టుకుంటే షాక్ కొడుతుంది, ఎండకు యంత్రాలు పేలిపోతాయి. కాబట్టి ఎవరూ అక్కడికి పోకుండా, ఇంటి ప్లగ్గుకో ఊళ్లో బావి మోటరుకో తగిలించుకోవాలట. పది మందికి పంపకపోతే మనం వరంగల్ బిడ్డలమే కామట.

వాన సంగతి ముందు తేల్చేద్దాం. గన్‌కూ బండికీ మధ్య లంకె సరిగ్గా కుదిరి, రెండూ పరస్పరం గుర్తుపట్టిన తర్వాతే అందులో కరెంటు పారుతుంది. చేతిలో పట్టుకున్న గన్‌లో పారేది ఏమీ లేదు. ఎండ మరీ ముదిరితే యంత్రం తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మనకు ఆలస్యమవుతుంది, అంతే.

హక్కు సంగతి ఇంకా చిన్నది. బండికి ఛార్జింగ్ పెట్టడం సేవ అనీ, కరెంటు అమ్మకం కాదనీ, దానికి లైసెన్సు అక్కర లేదనీ కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. ఏడేళ్లు దాటిన విషయాన్ని ఈ సందేశం రాసిన పెద్దమనిషి నిన్న రాత్రి కనిపెట్టినట్టున్నాడు.

జాగ మనదే, కాదనను. బస్టాండు జాగ కూడా మనదే. అందులో సైకిల్ స్టాండు వాడు చీటీ చింపి డబ్బులు తీసుకుంటే ఎవరూ విప్లవం లేవదీయలేదు. ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం సాయమిచ్చే ఫేమ్ పథకం రెండో దశ కింద 2020 జనవరిలో కేంద్రం 62 నగరాలకు 2,636 ఛార్జింగ్ కేంద్రాలు మంజూరు చేసినప్పుడు తెలంగాణకు 138 వచ్చాయి. ఆ సాయం యంత్రం పెట్టడానికి. పెట్టిన తర్వాత నెలనెలా వచ్చే కరెంటు బిల్లు, కాలిపోయిన కేబుల్, పగిలిన తెర, రాత్రిపూట కాపలా మనిషి జీతం ఎవరి ఖాతాలో రాయాలో సందేశంలో లేదు. ఉచితం చేస్తే ఆ ఖర్చు ఆస్తి పన్ను కట్టే అందరి మీదా పడుతుంది. అంటే కాశిబుగ్గలో సైకిల్ మీద పాలు పోసే మనిషి, హంటర్ రోడ్డులో పదిహేను లక్షల కారున్న నాకు ఛార్జింగ్ పెట్టించాలి. దీన్ని ప్రజల పక్షం అంటున్నారు.

ఛార్జింగ్ అయిపోయిన తర్వాత కూడా వసూలు చేస్తున్నారన్న ఫిర్యాదు చదివినప్పుడు నాకు కోపం రాలేదు, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం గుర్తొచ్చింది. హన్మకొండలో ఒక కేంద్రానికి నేను వెళ్లేసరికి నా బండిలో 11 శాతం ఉంది. అక్కడున్న ఒక్క గన్ ఒక తెల్ల కారుకు తగిలించి ఉంది. తెర మీద 100 శాతం అని పచ్చగా వెలుగుతోంది. కారు తాళం వేసి ఉంది; తాళం వేసిన బండి నుంచి సాధారణంగా గన్ ఊడదు. యజమాని కుటుంబంతో సహా పద్మాక్షి గుట్ట దగ్గరికి బతుకమ్మ ఆడించడానికి వెళ్లాడని పక్కన మక్కజొన్న కంకులు కాల్చే ఆమె చెప్పింది. నా వెనుక ములుగు వెళ్లాల్సిన కుటుంబం ఒకటి, కారులో ఏడుస్తున్న పసిపిల్లతో నిలబడి ఉంది. యాభై నిమిషాల తర్వాత ఆయన వచ్చి, "అయిపోయిందా? నేను చూసుకోలేదు" అన్నాడు. ఆ కేంద్రంలో అప్పటికి ఆలస్యపు రుసుము లేదు. ఉండి ఉంటే ఆయన చూసుకునేవాడు. నన్నడిగితే ఈ రుసుము ఇంకా పెంచాలి.

పగలు, రాత్రి రేట్ల విషయానికి వస్తే, 2024 సెప్టెంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు ఛార్జింగ్ కేంద్రాలకిచ్చే కరెంటును ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతుకూ, మిగతా వేళల్లో 1.3 వంతుకూ ఇవ్వమన్నాయి. మధ్యాహ్నం సోలార్ కరెంటు పుష్కలంగా ఉంటుంది, రాత్రి ఉండదు. సందేశం రాసినవాడు ఇందులో సగమే చదివి "రాత్రి దోపిడీ" అని పేరు పెట్టాడు. "పగటి తగ్గింపు" అనే మిగతా సగం ఆయన కంట పడలేదు.

ఇక అసలు లెక్క. ఇంట్లో యూనిట్ 5 రూపాయలన్న ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్ల మీద పడే రేటు 5.10. అయితే అదే బిల్లులో ఆ కింది వరుసలు కూడా చదవాలి: 201 నుంచి 300 దాకా 7.70, ఆ తర్వాత 400 దాకా 9 రూపాయలు. బండికి పోసే కరెంటు ఈ కింది వరుసల్లోనే పడుతుంది, పై వరుసలో కాదు. ఉదాహరణకు నెలకు 150 యూనిట్లు కాల్చే ఒక ఆటో డ్రైవర్ ఇల్లు తీసుకుందాం. ఎలక్ట్రిక్ ఆటోకు రోజుకు 8 యూనిట్లు, నెలకు పాతిక రోజులు అనుకుంటే 200 యూనిట్లు కలిసి, మొత్తం 350 అవుతుంది. స్థిర, కస్టమర్ ఛార్జీలు పక్కన పెట్టినా బిల్లు 2,240 రూపాయలు. ఆటో లేకపోతే, 200 దాటని ఇళ్లకుండే తక్కువ రేట్ల మీద వచ్చేది 580. తేడా 1,660, అంటే ఆటోకు పోసిన ప్రతి యూనిట్ 8 రూపాయల 30 పైసలు పడింది. ఆ ఇంటికి గృహజ్యోతి ఉంటే ఇంకా ఘోరం: 150 యూనిట్ల దగ్గర సున్నా బిల్లు వచ్చే ఇల్లు 200 దాటగానే మొత్తం కట్టాలి కాబట్టి, ఆ ఆటో యూనిట్ 11 రూపాయల పైన తేలుతుంది. ఐదు రూపాయల యూనిట్ ఎక్కడుందో నాకెవరైనా చూపిస్తే, నేనూ అక్కడికే వెళ్లి పెట్టుకుంటాను.

అయినా కేంద్రంలో రేటు ఎక్కువే. వేగంగా ఎక్కించే యంత్రం ఖరీదైనది, దానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఎక్కించేటప్పుడు కొంత కరెంటు వేడిగా పోతుంది, రోజులో చాలా గంటలు యంత్రం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గంటల ఖర్చు వచ్చిన కొద్దిమంది మీద పడుతుంది. సందేశంలో చెప్పిన 20 రూపాయలనే నిజమనుకున్నా, యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు తిరిగే కారుకు కిలోమీటరుకు 3 రూపాయలు. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలుతో అదే సైజు కారుకు కిలోమీటరుకు 7 రూపాయలు పెడుతూ ఇన్నేళ్లు ఎవరూ "మేలుకోండి" అనలేదు.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే చదివాను. బావి మోటరు సలహా దగ్గర నవ్వు ఆగిపోయింది.

సందేశంలోని మాటలివి: "ఊళ్లె బావికాడ కరెంటు ఫ్రీ. స్టార్టర్ డబ్బాల నుంచి ఒక ఫేజు తీసుకోండి. ఎర్త్ లేదని ఛార్జర్ మీద ఎర్ర లైటు వస్తే ఎర్త్ పిన్నుకు, న్యూట్రల్‌కు చిన్న తీగ కలపండి, మంచిగ నడుస్తది." ఇది రాసినవాడికి కరెంటు తెలియదని కాదు, కొంచెం తెలుసు. ఆ కొంచెమే ప్రమాదం.

చాలా బావుల దగ్గరికి వచ్చేది మూడు ఫేజులే, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ రాదు. షెడ్డులో ఒక బల్బు వెలిగించుకోవడానికి భూమిలో పాతిన ఇనుప రాడ్డునే న్యూట్రల్‌గా వాడుకోవడం మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. బల్బుకు పారే కరెంటు పిసరంత, అందువల్ల ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది. కారు బల్బు కాదు. అది 10, 15 ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. రాడ్డు దగ్గర భూమి నిరోధం 10 ఓమ్‌లు ఉండి అందులో 10 ఆంపియర్లు పారితే, ఆ రాడ్డు మీద 100 వోల్టులు నిలుస్తాయి. ఇప్పుడు సందేశం చెప్పిన "చిన్న తీగ" కలిపితే ఆ 100 వోల్టులు నేరుగా కారు బాడీ మీదికి వస్తాయి. చుట్టూ నాటేసిన మడి, కాళ్ల కింద బురద, చేయి కారు డోరు మీద. ఛార్జర్ ఎర్ర లైటు వెలిగించింది దీన్ని ఆపడానికే. ఆ లైటును మోసం చేసే ఉపాయాన్ని ఈ సందేశం పది మందికి పంపమంటోంది. కారుదాకా అక్కర లేదు, రాడ్డు పక్కనుంచి నడిచే బర్రె కూడా బతకకపోవచ్చు. మోటరు దగ్గర కరెంటుకు పోయిన రైతులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్ల పక్కన ఇంకొక కారణం చేర్చవలసిన అవసరం మనకు లేదు.

పోనీ ప్రాణం దక్కిందనుకుందాం. వ్యవసాయానికిచ్చిన ఉచిత కనెక్షన్‌ను ఇంకో పనికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ వర్తిస్తుంది. అప్పుడు వేసేది రెట్టింపు టారిఫ్. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే వెనుకటి 12 నెలలకు లెక్క కడతారు. 20 రూపాయలు తప్పించుకోవడానికి ఇది మార్గమట.

ఇంటి ప్లగ్గు సలహా దీనికి తమ్ముడు. పరకాల అవతల మా బామ్మర్ది ఇంట్లో స్వయంగా చూశాను. టీవీ వెనుక ఆరు ఆంపియర్ల సాకెట్, దానికొక ఎక్స్‌టెన్షన్ బాక్స్, కిటికీలోంచి బయటికి వైరు, వాకిట్లో కారు. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు, మధ్యలో ఒక్కసారి కూడా కట్ కాకుండా తెల్లవార్లూ నడిచినంత భారం ఆ సన్న వైరు మీద ఉంది. పొద్దున ప్లగ్గు పీకబోతే రాలేదు. పిన్నులు గోధుమరంగుకు తిరిగాయి, ప్లాస్టిక్ మెత్తబడి సాకెట్‌కు అతుక్కుపోయింది, గోడ మీద అరచేయంత నల్లటి మరక. "భారం ఎక్కువైతే పడిపోవాల్సిన ఎంసీబీ స్విచ్చు ఎందుకు పడలేదురా?" అంటే, "మాటిమాటికీ పడుతోందని పెద్దది వేయించిన బావా" అన్నాడు. అతను ఇప్పుడు పదహారు ఆంపియర్ల సాకెట్‌కు మీటరు నుంచి విడిగా మందం వైరు లాగించి, ఎర్తింగ్ కొత్తగా వేయించుకున్నాడు. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవడం తప్పు కాదు; ఇలా పెట్టుకుంటే చాలు. స్కూటర్ల బ్యాటరీలను మంచం పక్కన పెట్టుకుని పడుకునేవారికి మాత్రం ఒక్క మాట: 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి, ఆ గదిలో నిద్రపోతున్న ఎనభై ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. ఇది ఎక్కడో జరిగింది కాదు.

పెద్దబావకు ఫోన్ చేసి, "బావా, నువ్వు ఎర్తింగ్ గురించి నాకు పాఠం చెప్పినవాడివి, ఇదెట్ల పంపినవ్?" అని అడిగాను. "చివరిదాకా చదవలేదురా" అన్నాడు.

నేను చివరిదాకా చదివాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. దండం బొమ్మలకు కొంచెం పైన ఒక వాక్యం ఉంది: "సొంతిల్లు ఉన్నోనికి జీఎస్టీ లేదు, కిరాయికుండేటోనికి 18 శాతమా?" నేను దీన్ని కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను, కానీ కుదరలేదు. ఇంటి మీటరు కరెంటు మీద జీఎస్టీ లేదు. అదే కరెంటు పబ్లిక్ కేంద్రంలో సేవగా మారి 18 శాతం మోస్తుంది. 2019లో ఎలక్ట్రిక్ బండి మీదా, ఛార్జర్ యంత్రం మీదా జీఎస్టీని 5 శాతానికి దించారు. ఆ యంత్రం నుంచి ఆ బండిలోకి వెళ్లే దాని మీద మాత్రం 18. నయీంనగర్‌లో రెండో అంతస్తులో కిరాయికుండి, వీధిలో ఆటో నిలిపే మనిషికి ఇంటి మీటరు నుంచి కిందికి వైరు వేలాడదీయడం తప్ప గత్యంతరం లేదు, లేదంటే ఈ పన్ను కట్టాలి. నాకు సొంత ఇల్లు, కింద పార్కింగ్, నా పేరు మీద మీటరు ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్లూ ఈ తేడా నా దృష్టికి రాలేదు. దీన్ని మార్చాల్సింది వరంగల్ కార్పొరేషన్ కాదు, జీఎస్టీ కౌన్సిల్. ఆ సంగతి సందేశంలో లేకపోయినా, ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే.

ఆ ఒక్క వాక్యాన్ని ఉంచి, బావి మోటరుతో సహా మిగతాదంతా తీసేసి పంపండి, నేనూ పది మందికి ఫార్వర్డ్ చేస్తాను.