పాదాల సంగతి కూడా రాయవలసింది

మధుమేహంపై ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో తీపి మానడం గురించి, నడక గురించి విపులంగా రాసిన రచయిత, పాదాల సంరక్షణను ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు లోటుగా అనిపించింది. 12 ఏళ్లుగా షుగరు ఉన్న మా నాన్నగారు కిందటి మే నెలలో మిట్టమధ్యాహ్నం గుడి రాతిబండల మీద ప్రదక్షిణలు చేసి వచ్చారు. అరికాలిలో రూపాయి బిళ్లంత బొబ్బ లేచిందని సాయంత్రం మా అమ్మ చూసి చెప్పేదాకా ఆయనకు తెలియనే లేదు. రక్తంలో గ్లూకోజు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. దానికి తోడు రక్తప్రసరణ కూడా మందగిస్తే, చిన్న పుండైనా మానక, ఒక్కోసారి వేలో పాదమో తీసేయవలసిన దాకా వస్తుంది. నొప్పి లేదు కనుక ఏమీ లేదనుకోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

మా నాన్నగారి కాలి పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఇప్పుడాయన రోజూ రాత్రి నేల మీద అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటారు, చెప్పులు దులిపి వేసుకుంటారు.

హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహమని ఆ వ్యాసంలో అన్న మాట సరైనదే. అయితే అది గత 2, 3 నెలల గ్లూకోజు సగటును ఎర్ర రక్తకణాల ద్వారా చూపే పరీక్ష గనుక, రక్తహీనత ఉన్నవారిలో ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు. మన ఆడవారిలో రక్తహీనత ఎంత సామాన్యమో తెలిసిందే కాబట్టి, పరగడుపు పరీక్ష ప్రస్తావన కూడా ఉండవలసింది. ఇక పాదాల స్పర్శను సన్నని నైలాన్ దారంతో పరీక్షించడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఏడాదికొకసారైనా చేయించుకోవలసిన ఆ పరీక్షను మా అనుభవంలో అడగనిదే ఎవరూ చేయలేదు.