‘చదివేవాళ్లు లేరు’ అనే ఫార్వర్డుకు జవాబు

నెల రోజులుగా ఒక వాట్సాప్ మెసేజ్ నాలుగు దిక్కుల నుంచి నా ఫోనుకు వచ్చి పడుతోంది. కొత్తగా రాసేవాళ్లకు సలహాలట. ఎవరు రాశారో తెలీదు, కింద నమస్కారం బొమ్మలు మాత్రం వరసగా ఉన్నాయి. సారాంశం ఇది: తెలుగులో పుస్తకాలు చదివేవాళ్లు ఇక లేరు. కాబట్టి ముందు పదివేలమంది ఫాలోవర్లను సంపాదించుకో, పుస్తకం సంగతి తర్వాత. రోజూ ఏదో ఒకటి పోస్టు చెయ్, లేకపోతే వారంలో మర్చిపోతారు. ఆవిష్కరణ సభ ఘనంగా పెట్టు. పుస్తకం ఉచితంగా పంచు, పేరు అదే వస్తుంది. ఒక్క అవార్డు తగిలిందా, ఇక తిరుగులేదు.

మొదటిసారి నవ్వి వదిలేశాను. కానీ మొన్న కథలు బాగా రాసే ఒక కుర్రాడు ఇది నమ్మి, సగం రాసిన నవల పక్కన పెట్టి రీల్స్ చేస్తున్నానని చెప్పాడు. ఇక ఊరుకోలేకపోయాను.

చదివేవాళ్లు లేరన్న మాటతో మొదలుపెడదాం. ఆదివారం అనుబంధాల్లో కథ కింద రచయిత ఫోన్ నంబరు వేసే అలవాటు మనకుంది. నా కథ ఒకటి అలా వచ్చిన రోజు పొద్దున ఆరున్నరకే ఫోను మోగింది. ప్రొద్దుటూరు నుంచి ఒక రిటైర్డు టీచరు. బాగుందనీ బాగోలేదనీ అనలేదు. “మూడో పేరాలో ఆవు నిండు చూడితో ఉందని రాసినావు. చివర్లో దాని పాలు పిండి కాఫీ పెట్టించినావు. అట్లా ఎట్లయ్యా? వట్టిపోయుంటాది గదా?” అన్నారు. నేను నోరు తెరిచేలోపే, “కథ బాగుంది గాబట్టే చెప్తాండా” అని పెట్టేశారు. మధ్యాహ్నానికి ఇరవై ఆరు కాల్స్. ఒకాయన తన పెళ్లి సంగతి చెప్పుకుంటూ పోయారు, ఒకావిడ తన కథ పంపిస్తాను చదవమన్నారు. అందరూ నా కథ గురించే మాట్లాడారని చెప్పను. కానీ చదివారు.

నిజాం పాలనలో తెలుగు చదువుకే దిక్కులేని కాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ మొదలుపెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. ‘ఇక్కడ చదివేవాళ్లు లేరు’ అనే హక్కు ఎవరికైనా ఉందంటే ఆయనకు ఉండాలి. ఆయన అనలేదు, నడిచారు. ఇప్పుడు మనం ఫ్యాను కింద కూర్చుని అంటున్నాం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఒకప్పుడు రచయితను పాఠకుడి గుమ్మం దాకా చేర్చే పని వారపత్రికలు చేసేవి. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ సీరియళ్ల కోసం ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో. పక్కింటివాళ్లు చదివాక పత్రిక మనింటికి వచ్చేది, మన దగ్గర్నుంచి ఎదురింటికి పోయేది. ఆ పత్రికలు చాలావరకు ఆగిపోయాయి, కరోనా కాలంలో మరికొన్ని పోయాయి. ఆ పని ఇప్పుడు రచయిత మీద పడింది, నిజమే. మెసేజ్ రాసినాయన పుండు సరిగ్గానే చూశాడు. మందే తప్పు రాశాడు.

ఆ మందు పదివేలమంది ఫాలోవర్లు. నా అనుభవం చెప్తాను. కథల పుస్తకం వచ్చిందని ముఖచిత్రం పెడితే ఆరు వందల మంది పైచిలుకు అభినందనలు, శుభాకాంక్షలు అన్నారు. వారం తిరిగేసరికి ఆర్డర్లు పంతొమ్మిది. దాంట్లో నాలుగు మా బంధువులవి. వాళ్లను తప్పుపట్టడం లేదు. వేలు జరుపుతూ పోతుంటే దారిలో నా పుస్తకం బొమ్మ తగిలింది, ఒక లైకు కొట్టి ముందుకెళ్లారు. పెళ్లి ఊరేగింపు పోతుంటే అరుగు మీద నిలబడి చూసినవాళ్లంతా భోజనానికి వస్తారా?

మరి అమ్ముడైంది ఎలా? ఆ ఆదివారం ఫోన్లు వచ్చినప్పుడు మా ఆవిడ పాలవాడి లెక్కల పుస్తకం వెనకపేజీల్లో పేర్లు, ఊళ్లు రాసి పెట్టింది. తర్వాత ప్రతి కథకూ అదే పని. పుస్తకం వచ్చేనాటికి రెండు వందల పది పేర్లయ్యాయి. రోజుకు పదిమందికి ఫోను చేశాను. మొదట సిగ్గేసింది, అమ్ముకోవడానికి చేస్తున్నాననుకుంటారేమోనని. ఆ ప్రొద్దుటూరు మాస్టారికి చేసి ఆవును వట్టిపోగొట్టానని చెప్తే పగలబడి నవ్వారు. తనకొకటి, తన పాత స్టూడెంట్లకు అయిదు, మొత్తం ఆరు కాపీలు తీసుకున్నారు. ఆ రెండు వందల పదిమందిలో నూట ముప్పై మందికి పైగా కొన్నారు. ఫేస్‌బుక్‌లో స్నేహితులు అయిదువేలు దాటకూడదు, ఉన్నవాళ్లందరికీ నా పోస్టు కనిపించదు, అకౌంటు ఎవడైనా హ్యాక్ చేస్తే అదీ పోతుంది. పాల లెక్కల పుస్తకాన్ని హ్యాక్ చేసేవాడు ఇంకా పుట్టలేదు.

ఇన్‌స్టాగ్రామ్ దండగ అనను. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో కాలేజీ పిల్లలు ఫోనులో ముఖచిత్రం చూపించి ‘ఈ బుక్ ఉందా’ అని స్టాలు స్టాలూ తిరగడం నేను చూశాను. పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి అంతకన్నా సులువైన దారి లేదు. కాకపోతే చెప్పడానికి ముందు పుస్తకం ఉండాలి కదా. ఆ కుర్రాడి నవల సగంలో ఉంది.

రోజూ కనపడకపోతే మర్చిపోతారన్న దానికి మన సాహిత్యంలోనే ఎన్ని జవాబులున్నాయో. ‘కన్యాశుల్కం’ మొదట అచ్చయింది 1897లో. గురజాడ దాన్ని తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మనం చదువుకునేది, నాటకాలాడేది, గిరీశం మాటలు వల్లించేది ఆ రెండోదే. పన్నెండేళ్లు! శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాలు చాలావరకు 1930ల నాటివి. చలం ముందుమాట 1940లో రాశారు. పుస్తకం వచ్చింది 1950లో. ముందుమాట పుస్తకం కోసం పదేళ్లు కాచుకుని ఉంది. కథకుడు త్రిపుర రాసిన కథలు పదిహేను దాకా. ఆ పేరు చెప్తే ఇప్పటికీ కొందరి కళ్లు మెరుస్తాయి. కాళీపట్నం రామారావు మాస్టారైతే ఏళ్ల తరబడి కథ రాయని కాలాలు గడిపారు. ఎవరూ మర్చిపోలేదు.

‘వాళ్లు మహానుభావులు, మనమెక్కడ’ అనొచ్చు. సరే. కానీ వాళ్ల విషయంలో మహత్తుతో సంబంధంలేని మామూలు సంగతి కూడా ఒకటుంది. వాళ్ల పుస్తకాలు దొరుకుతాయి. మహాప్రస్థానం కావాలంటే ఏ జిల్లా కేంద్రంలోనైనా కొనుక్కోవచ్చు. అదే పదేళ్ల కిందట మంచి పేరు తెచ్చుకున్న ఒక కథాసంపుటి అడిగి చూడండి. షాపులో కుర్రాడు ‘అవుటాఫ్ ప్రింటండీ’ అంటాడు, మొహం కూడా ఎత్తకుండా. రచయితను అడిగితే ‘అయిపోయాయండీ’ అంటాడు, అందులో కాస్త గర్వం కూడా వినిపిస్తుంది. అయిపోతే మళ్లీ వేయాలి. ఇప్పుడు యాభై, వంద కాపీలు కూడా అచ్చు వేసి ఇస్తున్నారు, వెయ్యి వేయించి మంచాల కింద దాచుకోనక్కర్లేదు. మన దగ్గర రచయితలను జనం మర్చిపోవడం తక్కువ. జనానికి వాళ్లు దొరక్కపోవడం ఎక్కువ.

ఘనమైన ఆవిష్కరణ సభ గురించి ఎక్కువ చెప్పను. నేనూ పెట్టాను. హాలు అద్దె, బ్యానరు, శాలువాలు, టీ బిస్కట్లు. వేదిక మీద తొమ్మిదిమంది, కింద నలభై మంది. ఆరో వక్త పుస్తకం ఇంకా చదవలేదని నిజాయితీగా ఒప్పుకుని తన చిన్ననాటి సంగతులు ఇరవై నిమిషాలు చెప్పారు. అమ్ముడైనవి పదకొండు. ఆ డబ్బు పెడితే రెండో ముద్రణ వచ్చేది.

ఉచితంగా పంచడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది మంచితనంలా కనిపిస్తుంది. నా లెక్క చెప్తాను. నూట అరవై పేజీలు, 500 కాపీలు, వెల 150 రూపాయలు. అమ్మేవాళ్లకు నలభై శాతం పోతే చేతికొచ్చేది 90. కాపీకి అచ్చు ఖర్చే 70 దాకా అయింది. పోస్టు ఖర్చు వేరే. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 చివర్లో ఎత్తేశాక మాలాంటి చిన్నవాళ్ల నడుం విరిగింది. తర్వాత జ్ఞాన్ పోస్ట్ అని వేరే పథకం వచ్చింది, దాని నియమాలు దానికున్నాయి. ఇంత ఖర్చుపెట్టి ఊరికే ఇస్తే ఏమవుతుందంటే, తీసుకున్నాయన దాన్ని టీవీ పక్కన పెట్టి ‘తీరిగ్గా చదువుతా’ అంటాడు. నూట యాభై పెట్టి కొన్నవాడు మాత్రం ఆ రాత్రే రెండు కథలు చదువుతాడు. నచ్చకపోతే ఫోను చేసి తిడతాడు. అది కూడా మంచిదే. లైబ్రరీకి ఇవ్వండి, ఊరి బడికి ఇవ్వండి, అది వేరు.

ఇక అవార్డు. మంచిదే, ఎవరికి చేదు? అయితే వార్త పేపర్లో చూసి మర్నాడు షాపుకెళ్లినవాడికి పుస్తకం కనబడకపోతే ఆ అవార్డు వల్ల ఒక్క పాఠకుడూ రాడు. రామారావు మాస్టారికి 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ సొమ్ము ఆయన కథానిలయం అనే కథల గ్రంథాలయానికి పెట్టారు. 1997లో శ్రీకాకుళంలో అది మొదలైంది. తన కథల కోసం కాదు, తెలుగులో అచ్చయిన అందరి కథలూ ఒకచోట దొరకాలని. అంటే ఆయనకూ కనిపించిన జబ్బు ఇదే, దొరక్కపోవడం.

ఈ మెసేజ్ నాకు నాలుగోసారి పంపింది నాకన్నా పెద్దవాడు, ఒకప్పుడు చక్కటి కథలు రాసిన మిత్రుడు. పదిహేనేళ్ల కిందట వచ్చిన ఆయన పుస్తకంలోంచి ఒక కథ నేను ఇప్పటికీ అందరికీ చెప్తుంటాను. ఈ జవాబు రాయడానికి కూర్చునే ముందు ఆయనకు ఫోను చేశాను.

“అన్నా, నీ పుస్తకం ఒకటి కావాలి. ఒక కుర్రాడి చేత చదివించాలి. డబ్బులు పంపిస్తా.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“నా దగ్గరా లేదు తమ్ముడూ. ఒక్కటి ఉండేది, ఎవరో చదివిస్తానని పట్టుకెళ్లారు. నువ్వేగా?”

లేచి అలమార వెతికాను. నా దగ్గరే ఉంది.