యాప్‌లో డబ్బు పంపితే పని అయిపోదు

అమెరికాలో ప్రైవేటుగా ఆన్‌లైన్‌లో తుపాకీ కొనేటప్పుడు పేమెంట్ యాప్‌లో 'స్నేహితులకు పంపుతున్నాను' అని పెట్టి డబ్బు వేసేయడమే సులువని ఒక వ్యాసంలో రాశారు. దీనితో నేను అస్సలు ఏకీభవించను. పేపాల్ లాంటి వాటి నిబంధనలే తుపాకుల లావాదేవీలను ఒప్పుకోవు. పైగా అలా పంపిన డబ్బుకు కొనుగోలుదారుడికి రక్షణ ఉండదు, అవతలివాడు మాయమైతే ఇక అంతే. మా స్నేహితుడొకరు తుపాకీ అమ్మేటప్పుడు పోస్టల్ మనీ ఆర్డర్ అడుగుతాడు, దాన్ని పోస్టాఫీసులోనే నగదుగా మార్చుకుని, డబ్బు చేతికొచ్చాకే సరుకు పంపుతాడు. నకిలీ మనీ ఆర్డర్లు కూడా తిరుగుతున్నాయి కాబట్టి ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. షిప్పింగ్ సంగతి వ్యాసంలో రెండు వాక్యాలతో సరిపెట్టారు, అసలు టెన్షన్ అంతా అక్కడే ఉంది. వేరే రాష్ట్రంలోని వ్యక్తికి నేరుగా ఇంటికి పంపడం 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం నేరం. కొనేవాడి రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న డీలర్‌కే పంపాలి. అక్కడ కొనేవాడు 4473 ఫారం (తుపాకీ కొనేవాళ్లు తమ వివరాలు రాసిచ్చే ప్రభుత్వ పత్రం) నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేరచరిత్ర లాంటివి చూసే తనిఖీ) పాసైతేనే తుపాకీ చేతికిస్తారు. డీలర్ లైసెన్స్ కాపీ వచ్చింది కదా అని నమ్మేయకండి. తుపాకీ డీలర్లకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్ సైట్‌లో, లైసెన్సులు సరిచూసుకునే 'ఈజీ చెక్' పేజీలో లైసెన్స్ నంబర్ కొట్టి, అక్కడ కనిపించే చిరునామాకే పంపండి. మోసగాళ్లు కాపీలో చిరునామా మార్చేస్తారు. ఇంకో మాట, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో కొనేవాడు ఫెయిలైతే తుపాకీ వెనక్కి పంపే ఖర్చు ఎవరిది, డబ్బు ఎంత తిరిగిస్తారు అన్నది ముందే రాతపూర్వకంగా అనుకోవాలి.