ఆదా చేయాలంటే తిరగాలి

పెట్రోలు కారు అమ్మేసి సెకండ్ హ్యాండ్ డీజిల్ ఫ్యామిలీ కారు కొనుక్కునేవాళ్లకు సమాజంలో దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదు. లీటరుకు మరో నాలుగైదు కిలోమీటర్లు రాబట్టడం కోసం ఎంత ఖర్చుకైనా వెనకాడని త్యాగమూర్తులు వీళ్లు. వీళ్ల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ముందు లెక్క చూద్దాం. అమ్మేసిన కారు లీటరుకు 15 ఇచ్చేది, కొత్తగా కొన్న పాత కారు 20 ఇస్తుంది అనుకోండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవాడికి 800 లీటర్ల చోట 600 చాలు. అంటే 200 లీటర్లు మిగులు. 6,000 తిరిగితే మిగిలేది 100 లీటర్లే. అదే 24,000 తిరిగితే 400! ఇంట్లో కూర్చున్న దద్దమ్మకు మాత్రం చుక్క మిగలదు. కాబట్టి ఇంటిల్లిపాదీ పొదుపు పనిలో పడతారు. ఫోన్‌లో పలకరిస్తే సరిపోయే బంధువులను స్వయంగా వెళ్లి పలకరిస్తారు. రైల్లో హాయిగా పడుకుని వెళ్లే ఊరికి రాత్రంతా స్టీరింగ్ పట్టుకుని వెళతారు. ఎందుకండీ ఈ శ్రమ అంటే "డీజిలే కదా" అంటారు. పొదుపైన ఇంజన్లు వచ్చాక బొగ్గు వాడకం తగ్గలేదు సరికదా, పెరిగిందని జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే గమనించాడు. పాపం, ఆయనకు డీజిల్ కారు చూసే యోగం లేకపోయింది.

ఇంజన్‌ను మాత్రం తప్పుపట్టలేం. గాలిని పదిహేను ఇరవై రెట్లు నొక్కిపెట్టి, ఆ వేడికే ఇంధనాన్ని మండిస్తుంది. స్పార్క్ ప్లగ్గుతో పనిలేదు. 1897 పరీక్షల్లో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు చేసిన ఇంజన్ 26 శాతం సామర్థ్యం చూపించింది. ఆ రోజులకు అది అద్భుతం. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే పది శాతం పైచిలుకు శక్తి ఎక్కువ. అంటే మనం మురిసిపోయే మైలేజీలో కొంత భాగం చిక్కటి ఇంధనం చలవే. లీటరుకు వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ మేరకు ఎక్కువే, కానీ శుభమా అని కారు కొంటున్నప్పుడు ఆ మాటలు ఎందుకు? ఇంతటి పొదుపు యంత్రం కనిపెట్టిన ఆ మహానుభావుడు 1913లో ఓడ ప్రయాణం మధ్యలో మాయమయ్యేనాటికి అప్పుల్లో ఉన్నాడు. ఆయన అడుగుజాడల్లో నడిచేవాళ్లకు నేటికీ కొదవ లేదు.

ఇక కొనడం దగ్గరికి వద్దాం. డీజిల్ కారు కొత్తగా కొనేది ఎక్కువ తిరిగేవాళ్లు. కానీ అమ్మకానికి వచ్చిన ప్రతి డీజిల్ కారూ తక్కువ తిరిగిందే! మధ్యలో ఆ కిలోమీటర్లన్నీ ఎక్కడికి పోయాయో మీటర్ తిప్పినవాడికే తెలియాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే పొగా, వణుకూ బయటపడతాయి. అందుకే మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటుంది. "ఇప్పుడే కడిగి పక్కకు పెట్టామండీ" అంటారు. ఇందులో నేరమేమీ చూడకండి. పొగ పరీక్ష జరుగుతోందని పసిగట్టి అంతసేపూ బుద్ధిగా ఉండేలా సాఫ్ట్‌వేర్ పెట్టిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల సంగతి 2015లో లోకానికంతా తెలిసిందే. ఆ సంస్కారం కార్లకే ఉన్నప్పుడు అమ్మేవాళ్లకు ఉండదా?

అసలు వైభవం సైలెన్సర్ దారిలో ఉంది. అక్కడ మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంటుంది. డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అప్పుడప్పుడూ కాల్చేయాలి, దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. పిల్లల్ని స్కూల్లో దించి కూరగాయలు తెచ్చే తిరుగుళ్లకు అంత వేడి పుట్టదు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. మెకానిక్ దగ్గరికి పరిగెత్తితే "ఏం లేదు సార్, హైవే మీద అరగంట గట్టిగా తోలండి" అంటాడు. అప్పుడు ఇంటిపెద్ద రాత్రి భోజనం చేసి తాళాలు తీసుకుంటాడు. ఎక్కడికండీ అని భార్య అడిగితే "ఎక్కడికీ కాదు, మసి కాల్చడానికి" అంటాడు. డీజిల్ ఆదా చేసే కారును కాపాడుకోవడానికి డీజిల్ పోసుకుని ఊరి బయటిదాకా వెళ్లి రావడం! తపస్సు చేయడానికి ఇప్పుడు అడవులే అక్కర్లేదు. ఇల్లు వచ్చాక కూడా ఇంజన్ ఆపకుండా వీధి చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్లు కనిపిస్తే దారి చెప్పబోకండి. వాళ్లు అడ్రసు మరిచిపోలేదు, మసి ఇంకా పూర్తిగా కాలలేదు, అంతే.

మసి కాల్చేందుకు కొన్ని ఇంజన్లు సిలిండర్లోకి కాస్త డీజిల్ ఎక్కువగా చిమ్ముతాయి. పని మధ్యలో ఆగుతూ ఉంటే అందులో కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. మామూలు కార్లలో ఆయిల్ తగ్గుతుంటుంది. ఇందులో పెరుగుతుంది! తెలియనివాళ్లు కంగారుపడి, పలచబడిన ఆయిల్‌తో ఇంజన్ అరిగిపోతుందని మార్పించేస్తారు. పొదుపరి మాత్రం డిప్‌స్టిక్ చూసి పొంగిపోతాడు.

టర్బో, ఇంజెక్టర్లు, పొగలో కొంత ఇంజన్‌కే తిప్పి పంపే ఈజీఆర్ వాల్వు, బరువైన ఫ్లైవీలు ఇలా ఏదో ఒకటి మారుస్తూనే ఉండాలి. వాటిని మైలేజీ లెక్కలో కలపడం మర్యాద కాదు. పొదుపరి డైరీలో లీటర్లకూ కిలోమీటర్లకూ ఒక పేజీ ఉంటుంది, మెకానిక్ బిల్లులకు పేజీ ఉండదు. అవి గ్రహచారం కింద రాసుకోవాలి. గ్రహచారానికి మైలేజీ ఉండదు కదా. బంకులో ఏమరుపాటున పెట్రోలు కొట్టించి స్టార్ట్ చేశారనుకోండి, డీజిల్‌తోనే కందెన పని జరుపుకునే హైప్రెషర్ పంపు అరిగి, ఆ లోహపు రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. అదీ గ్రహచారమే.

అనుభవజ్ఞులు దీనికి చక్కటి పరిష్కారం కనిపెట్టారు. దగ్గర తిరుగుళ్లకు డీజిల్ కారును బయటికి తీయరు, ఫిల్టర్ పాడవుతుందని. అందుకని స్కూలుకీ మార్కెట్‌కీ చిన్న పెట్రోలు కారు ఇంకొకటి కొంటున్నారు. దాని మైలేజీ తక్కువేగా అంటే, "అందుకే సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాం" అంటున్నారు.