గోదావరి ఒడ్డున ఎప్పుడో తేల్చిన మాట మీద ఇస్కాన్‌లో ఇంకా తగువేనా?

రాజమండ్రి నుంచి గోదావరి దాటితే కొవ్వూరు. అక్కడి గోష్పాద రేవు అందరికీ తెలుసు. రామానంద గౌడీయ మఠం మాత్రం పుష్కరాలకు వచ్చేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. 1510 ప్రాంతంలో దక్షిణ యాత్రకు బయల్దేరిన, ఈనాటి హరేకృష్ణ భక్తుల సంస్థ ఇస్కాన్ పరంపరకు మూలపురుషుడైన చైతన్య మహాప్రభువు ఈ రేవులోనే ఆగారని నమ్మకం. గజపతి ప్రతాపరుద్రుడి తరఫున రాజమహేంద్రవరం సీమను ఏలుతున్న రామానంద రాయలు పల్లకీలో, మేళతాళాలతో స్నానానికి వచ్చారు. రేవులో కూర్చున్న సన్యాసిని చూసి సాష్టాంగపడ్డారు. సన్యాసి ఆయన్ని లేవదీసి గట్టిగా కౌగిలించుకున్నారు. వెంట వచ్చిన బ్రాహ్మణులు విస్తుపోయారు. ఇంత తేజస్సున్న సన్యాసి ఒక శూద్రుణ్ణి ముట్టుకుని కన్నీళ్లు పెట్టుకోవడమేంటని వాళ్ల ఆశ్చర్యం.

ఆ తర్వాత రాత్రిళ్లు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. అడిగింది సన్యాసి, చెప్పింది గృహస్థు. నేనేదో సన్యాసినని పొగిడి నన్ను మోసం చెయ్యొద్దంటూ చైతన్యుడు చెప్పిన మాటను కృష్ణదాస కవిరాజు చైతన్య చరితామృతంలో రాసిపెట్టారు. విప్రుడు కానీ, సన్యాసి కానీ, శూద్రుడు కానీ, కృష్ణతత్త్వం ఎవరికి తెలుసో వాళ్లే గురువు. చెప్పినాయన పుట్టింది బెంగాల్లో. చెప్పిన చోటు మాత్రం మనది. అందుకే ఇస్కాన్‌లో ఆడవాళ్లు గురువులై శిష్యులకు మంత్రదీక్ష ఇవ్వొచ్చా లేదా అన్న గొడవ నాకు ఎక్కడో ఢిల్లీ, ముంబయి వ్యవహారంలా అనిపించదు.

గొడవ సంగతి ఇదీ. మహిళలు దీక్షా గురువులు కావచ్చని ఇస్కాన్ పాలక మండలి సూత్రప్రాయంగా ఒప్పుకున్నది 2005లో. అమలుకు అనుమతిచ్చింది 2019లో, అదీ యాభై ఐదేళ్లు నిండాలి లాంటి షరతులతో. దానికీ భారత్‌లోని నాయకత్వం ఒప్పుకోలేదు. ఇది మన సంస్కృతి కాదు, పడమటి దేశాల స్త్రీవాదం అన్నారు.

నేను వెళ్లే మందిరంలో ఒక మాతాజీ ఉన్నారు. అరవై దాటిన మనిషి. ఆదివారం సాయంత్రం గీత చెబుతారు. ఎదురుగా కూర్చునేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లే. ఒకసారి ఒకబ్బాయి, 'జపానికి కూర్చుంటే ఆఫీసు టెన్షన్లే గుర్తొస్తున్నాయి మాతాజీ' అన్నాడు. ఆవిడ తన జపమాల సంచీలోంచి మాల బయటికి తీసి, చూపుడు వేలు తగలకుండా బొటనవేలితో, మధ్యవేలితో పూస ఎలా తిప్పాలో మళ్లీ మొదట్నుంచీ చూపించారు. 'పదహారు మాలలు ఎప్పటికి అవుతాయా అని చూడకు నాన్నా. ఈ ఒక్క పూసకి మంత్రం నీ చెవిన పడిందా లేదా, అది చూసుకో' అన్నారు. రెండేళ్ల తర్వాత ఆ అబ్బాయికి దీక్ష అయింది. ఇచ్చింది ఏడాదికోసారి ఊరికి వచ్చే స్వామీజీ. ఆయనంటే నాకూ గౌరవమే. కానీ హోమం జరుగుతున్నంతసేపూ మాతాజీ వెనక వరసలో కూర్చుని అరటిపళ్లు అందిస్తూ ఉండిపోయారు. ఆ అబ్బాయిని ఆ హోమగుండం దాకా నడిపించింది ఆవిడని ఆ హాల్లో అందరికీ తెలుసు.

సంప్రదాయవాదుల దగ్గర ఒక గట్టి ఆధారం ఉంది, దాన్ని దాచను. భాగవతం నాలుగో స్కంధంలో ధ్రువుడి కథకు ఇస్కాన్ స్థాపకులు శ్రీల ప్రభుపాదులే వ్యాఖ్యానం రాస్తూ, సునీతి స్త్రీ, పైగా తల్లి కాబట్టి దీక్షా గురువు కాలేకపోయిందన్నారు. గురువు రాసినదాన్ని మార్చడానికి మనమెవరం అని వాళ్లు అడుగుతున్నారు. భక్తితో అడుగుతున్న ప్రశ్నే అది. కానీ 1976లో టొరంటోలో ఒక ప్రొఫెసర్, గురుపరంపరలో స్త్రీ గురువు కాగలదా అని సూటిగా అడిగినప్పుడు అదే ప్రభుపాదులు అవునన్నారు. చైతన్యుడి ముఖ్య సహచరుడు నిత్యానంద ప్రభువు భార్య జాహ్నవా దేవి పేరు చెప్పారు. అలాంటివాళ్లు ఎక్కువమంది ఉండరనీ, మగైనా ఆడైనా సిద్ధి పొందినవాళ్లే గురువనీ అన్నారు. తక్కువమంది ఉంటారనడం వేరు, అసలు ఉండకూడదనడం వేరు. పడమటి గాలి అనడానికీ వీల్లేదు. జాహ్నవా దేవి పదహారో శతాబ్దం మనిషి. పూరీలో గంగామాత గోస్వామిని అనే స్త్రీ గురువు పేరు మీద మఠం ఇప్పటికీ ఉంది.

సంస్థ సొంత చరిత్రే వీళ్ల వాదాన్ని నిలబడనివ్వదు. 1977లో ప్రభుపాదులు దేహం వదిలాక పదకొండు మంది గురుపీఠాలు ఎక్కారు. పదకొండు మందీ మగవాళ్లే. పదేళ్లు తిరిగేసరికి అందులో సుమారు సగం మంది ఆ స్థానాలు పోగొట్టుకున్నారు. వాళ్లను నమ్ముకున్న శిష్యులు చెప్పలేనంత క్షోభ పడ్డారు. అప్పుడు మగవాళ్లు గురుత్వానికి పనికిరారని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. తప్పు చేసినవాళ్లను తప్పించారు, నియమాలు మార్చుకున్నారు. మగవాడి విషయంలో మనిషిని చూస్తున్నాం. ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి మనిషిని చూడకుండానే జాతి మొత్తానికీ తలుపు వేస్తున్నాం.

ఈ పరంపరలో సంప్రదాయం అన్న మాటకు అర్థమేంటో కూడా చూడాలి. ప్రభుపాదుల గురువు భక్తిసిద్ధాంత సరస్వతి 1911లో మేదినీపూర్ జిల్లా బాలిఘాయ్ సభలో నిలబడి, వైష్ణవత్వం పుట్టుకతో వచ్చేది కాదని వాదించారు. ఆ తర్వాత బ్రాహ్మణ కులంలో పుట్టనివాళ్లకు జంధ్యం వేశారు. వంశపారంపర్యంగా గురువులవుతూ వచ్చిన గోస్వాములు ఆయన మీద మండిపడ్డారు. అరవై తొమ్మిదో ఏట ఓడెక్కి అమెరికా వెళ్లిన ప్రభుపాదులు అక్కడి ఆడపిల్లలకు గాయత్రి ఇచ్చారు, విగ్రహాలకు పూజ చేసే పని అప్పగించారు. మన ఊళ్లలో ఇప్పటికీ ఎన్ని గుళ్లలో ఇది ఊహించగలం? ఈ పరంపరలో ప్రతి తరం ఒక గీత చెరిపింది. ఆ చెరపడం వల్లే ఈనాడు సంప్రదాయం పేరుతో అడ్డు చెబుతున్నవాళ్లలో ఎంతోమందికి దీక్ష దొరికింది.

నా అసలు బాధ ఇస్కాన్ ఒక్కదాని గురించి కాదు. తెలుగు నేల మీద భక్తిని మోస్తున్నది ఆడవాళ్లు. తిరుప్పావై పారాయణం వాళ్లది, కోలాటం వాళ్లది, భజన మండలి వాళ్లది, అన్నదానం రోజు తెల్లవారుజామున కూరలు తరిగే చేతులు వాళ్లవి. పీఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెనక వరసే. తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అని తిరుమలలో సామెతలా చెప్పుకుంటాం. ఆ తరిగొండ వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. ఆచారం ప్రకారం జుట్టు తీయించుకోమంటే ససేమిరా అన్నారు. స్వామే నా భర్త అన్నారు. ఊరి పెద్దలకు అప్పుడు ఆమె ఆచారం తప్పిన మనిషి. ఏకాంత సేవలో స్వామికి ఆమె పేరున ముత్యాల హారతి ఇస్తున్నారంటే, ఆనాటి పెద్దల మాట నెగ్గలేదనే కదా. ఆమె సామర్థ్యాన్ని ఒప్పుకుని పాటలు పాడుకుంటాం. అలాంటి మనిషి ఇప్పుడు మన మధ్య ఉండి నలుగురికి మంత్రోపదేశం చేస్తానంటే ఎన్ని పీఠాలు ఒప్పుకుంటాయి?

భారత్‌లోని ఇస్కాన్ నాయకత్వం తన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోవాలి. ఎవరికి అర్హత ఉందో పరీక్షించండి, గట్టిగానే పరీక్షించండి. ఆడా మగా అన్నది ఆ పరీక్షలో ప్రశ్న కాకూడదు. మా మందిరంలో ఆ అబ్బాయి చెల్లెలు కూడా ఈమధ్య పదహారు మాలల జపం మొదలుపెట్టింది. దీక్ష ఎవరి దగ్గర తీసుకుంటావమ్మా అని ఎవరో అడిగారు. 'నాకు నేర్పింది ఈవిడేగా, ఇంకెవర్నో ఎందుకు వెతుక్కోవాలి?' అంది. మాతాజీ ఏమీ అనలేదు. ఆ అమ్మాయికి జవాబు చెప్పాల్సింది మాతాజీ కాదు.