అరెస్టుకు పూర్వకాలం: ఒక పరిశీలన

కాలం ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నతో తత్త్వవేత్తలు శతాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు గానీ, పోలీసు స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌ను అడిగితే క్షణంలో తేలిపోయే విషయమది. అరెస్టును నమోదు చేసే కాగితమైన అరెస్టు మెమోలో సమయం రాసినప్పుడు కాలం మొదలవుతుంది, అంతకు ముందున్నదంతా అనాది. రాజ్యాంగం 22వ అధికరణం రెండో క్లాజు ప్రకారం అరెస్టయిన ప్రతి మనిషినీ, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి, 24 గంటల్లోగా దగ్గరలోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇందులో ఒక్క అక్షరాన్నీ ఉల్లంఘించకుండా మనిషిని నాలుగు రోజుల పాటు స్టేషన్‌లో కూర్చోబెట్టవచ్చునని కనిపెట్టిన మేధస్సుకు ఇంతవరకూ తగిన గుర్తింపు రాకపోవడం విచారకరం.

సోమవారం తెల్లవారుజామున మఫ్టీలో నలుగురు వచ్చి, ఎస్సై గారు రమ్మంటున్నారు, ఐదు నిమిషాల్లో పంపించేస్తాం అని ఒకాయనను జీపెక్కిస్తారు. అది అరెస్టు కాదు, పిలుపు. మర్నాడు ఆయన భార్య స్టేషన్ గుమ్మంలో నిలబడితే, అటువంటి వ్యక్తి ఎవరూ ఇక్కడ లేరమ్మా అని మర్యాదగానే చెబుతారు. బుధవారం పేపర్లో 'పోలీసుల అదుపులో నిందితుడు?' అని ప్రశ్నార్థకంతో సహా వార్త వస్తుంది. ఎట్టకేలకు గురువారం సాయంత్రం, బస్టాండు వద్ద వాహన తనిఖీలు చేస్తున్న సిబ్బందిని చూసి పారిపోబోతూ, చోరీ సొత్తు ఉన్న సంచితో సహా ఆయన పట్టుబడతాడు. శుక్రవారం పొద్దున్నే మేజిస్ట్రేటు ముందుంటాడు. 24 గంటల గడువులో ఇంకా కొన్ని గంటలు మిగిలే ఉంటాయి గనుక, పౌరహక్కుల విషయంలో మనవాళ్లు రాజ్యాంగాన్ని మించిపోయారని కూడా వాదించవచ్చు.

నిందితులకు బస్టాండుల మీద ఉన్న మమకారం విడిగా పరిశోధించదగ్గది. నాలుగు రోజులు ఇంటికి పోకుండా, బట్టలు మార్చకుండా, దొంగసొత్తును ఎక్కడా దాచకుండా చంకన పెట్టుకుని, సరిగ్గా తనిఖీలు జరిగే చోటికే వచ్చి అనుమానాస్పదంగా తిరగడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఆ సమయానికే అక్కడ సొత్తు దొరికిందని సాక్ష్యం చెప్పే ఇద్దరు మధ్యవర్తులు కూడా సంతకాలకు సిద్ధంగా ఉండటం దైవఘటన అనుకోవాలి.

1949 సెప్టెంబరులో డాక్టర్ అంబేద్కర్ ఈ 24 గంటల నిబంధనను 15-ఏ అధికరణంగా రాజ్యాంగ సభ ముందు పెట్టారు. వ్యక్తిస్వేచ్ఛను కాపాడే అధికరణంలో అంతకు ముందు జారిపోయిన దానికి ఇది పరిహారమన్నట్టు చెప్పారు. పరిహారం మంచిదే గానీ, గడియారం ఎవరి చేతికి ఉండాలో ఆయన రాయలేదు. న్యాయస్థానాలు ఆ లోటును పూడ్చబోయాయి. మనిషి కదలికలను అడ్డుకున్న క్షణమే అరెస్టు జరిగినట్టని, దానికి అధికారులు ఏ పేరు పెట్టుకున్నా లెక్క అక్కడి నుంచే మొదలవుతుందని బొంబాయి హైకోర్టు 1990లో చెప్పింది. అరెస్టు మెమో రాయాలని, అందులో సమయం, తేదీ ఉండాలని, కుటుంబ సభ్యుడో స్థానికంగా గౌరవం గల మనిషో సాక్షి సంతకం చేయాలని, బంధువులకు కబురు చేయాలని, కస్టడీలో ప్రతి 48 గంటలకూ వైద్య పరీక్ష జరగాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఆదేశించింది. ఆ ఆదేశాలను స్టేషన్లలో అందరికీ కనబడేలా బోర్డు మీద రాయమని కూడా చెప్పింది. సోమవారం నుంచి గురువారం దాకా బెంచీ మీద కూర్చున్న మనిషికి దాన్ని చదవడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది కాబట్టి, న్యాయ అక్షరాస్యతకు ఇంతకన్నా మెరుగైన పథకం ఉండదు.

ఇక ఆ నాలుగు రోజుల్లో ఏం జరుగుతుందనే దానికి మన పత్రికలు ఏనాడో ఒక వాక్యం ఖాయం చేశాయి: పోలీసులు తమదైన శైలిలో విచారించగా నిందితుడు నేరం అంగీకరించాడు. ఏ నిందితుడినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని 20వ అధికరణం మూడో క్లాజు అంటుంది. ఆ రక్షణ కోర్టు బోనులోనే కాక పోలీసుల విచారణలోనూ వర్తిస్తుందని నందినీ సత్పతి కేసులో 1978లోనే తేలింది. అయితే మన కథానాయకుడు గురువారం సాయంత్రం దాకా నిందితుడే కాడు, అతిథి. అతిథులకు 20వ అధికరణంతో పనేముంది?

ఇక్కడ తెల్లదొరల అపనమ్మకాన్ని కూడా చెప్పుకోవాలి. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టంలో రాసుకున్నారు. తాము పెట్టిన పోలీసులను తామే నమ్మని పాలకులు వాళ్లు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నిబంధనను భద్రంగా నిలుపుకుంది. కోర్టు పనికిరాదన్న అంగీకారం విలేకరుల సమావేశంలో మాత్రం దివ్యంగా చెల్లుతుంది. ఎస్పీ గారి వెనుక ముసుగులో వరుసగా నిలబెట్టిన మనుషులు, ముందు బల్ల మీద పరిచిన సొత్తు, పూలకుండీల మధ్య మైకులు ఉండగా, కోర్టు విచారణ అనే సుదీర్ఘ ప్రక్రియ ఎవరికి కావాలి?

మేజిస్ట్రేటు గారు అడగవలసినది అడుగుతారు. పోలీసులు ఏమైనా చేశారా అని అడిగినప్పుడు, నిందితుడికి రెండడుగుల వెనుక అదే పోలీసులు నిలబడి ఉంటారు గనుక, ఆయన స్వేచ్ఛగా, నిర్భయంగా ఏమీ లేదని చెబుతాడు. అరెస్టు కారణాలను అతనికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, అవి రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా చేతికందాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో చెప్పింది. ఆ లెక్కన, నాలుగు రోజులుగా తెలుస్తూనే ఉన్న కారణాన్ని రెండు గంటల పాటు చదువుకునే అవకాశం కూడా దక్కుతుంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటును భగ్నం చేసేవి రెండు ఉన్నాయి. స్టేషన్లన్నిటిలో సీసీ కెమెరాలు పెట్టి, దృశ్యాలను నెలల తరబడి దాచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదృష్టవశాత్తూ కెమెరాలు కూడా సందర్భమెరిగి రిపేరుకు వస్తాయి. రెండోది, నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్. బుధవారం ఎవరైనా లాయరు హైకోర్టులో అది వేస్తే, గురువారం సాయంత్రపు బస్టాండు కార్యక్రమం గురువారం పొద్దుటికి జరుగుతుంది. మనిషి దొరికాడు గనుక పిటిషన్ నిరర్థకమైందని మూసేస్తారు. ఎక్కడ దొరికాడన్నది ఆ పిటిషన్ పరిధిలోకి రాదు.

ఈ కాలగణన నిందితుడికి కూడా వర్తిస్తే బాగుండుననే అత్యాశపరులు కొందరుంటారు. 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కుగా దక్కుతుంది కదా, ఆ లెక్కను సోమవారం నుంచి వేయమంటారు. కుదరదు, అది రిమాండు తేదీ నుంచే నడుస్తుంది. రేపు శిక్ష పడితే, అంతకు ముందు నిర్బంధంలో గడిపిన రోజులను అందులోంచి తగ్గించే వెసులుబాటు చట్టంలో ఉంది. ఆ సోమ, మంగళ, బుధవారాలను కూడా తగ్గించమని అడగదలిస్తే, ఆ మూడు రోజులూ తాను బస్టాండులో లేనని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఆయనదే.